‘తగినంత’కు కొలత చెప్పిన ఫానీ

పళ్లముక్కల మీద మెత్తటి పిండిముద్దలు పేర్చి, ఓవెన్‌లో పెట్టి కాల్చే తీపి వంటకం ఒకటుంది. పేరు కాబ్లర్. అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికో, కొడుకు దగ్గరికో వెళ్లొచ్చినవాళ్లు దాని రుచి చూసే ఉంటారు. కింద పళ్లరసం కుతకుతలాడుతుంటుంది. పైన పిండి బంగారు రంగులో పొంగి, గుండ్రాళ్లు పరిచిన బాటలా ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. వేడివేడిగా గిన్నెల్లో పెట్టుకుని, మీద కాస్త మీగడో ఐస్‌క్రీమో వేసుకుని తింటారు.

ఇది పెద్దింటి వంటేమీ కాదు. ఇంగ్లండు నుంచి వలస వెళ్లినవాళ్లకి కొత్తచోట తమ పుడ్డింగులు చేసుకునే సరంజామా లేకపోయింది. దొరికిన పళ్లని మందపాటి ఇనప పాత్రలో వేసి, పైన పిండిముద్దలు పెట్టి, నిప్పుల మీద ఉడికించుకున్నారు. మన పెద్దవాళ్లు దిబ్బరొట్టెకి చేసినట్టే మూత మీద కూడా నిప్పులు పోసేవారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో దీన్ని ఎక్కువగా పీచ్ పళ్లతో చేస్తారు. ఈశాన్యాన మసాచుసెట్స్ వైపు ఆపిల్‌తో, బ్లూబెర్రీలతో ఇలాంటివే చేసి స్లంప్ అనీ, గ్రంట్ అనీ పిలుస్తారు. ‘లిటిల్ విమెన్’ నవల రాసిన లూయిసా మే ఆల్కాట్ తమ ఇంటికే సరదాగా ఆపిల్ స్లంప్ అని పేరు పెట్టుకుంది!

చేయడం చూస్తే సులువే అనిపిస్తుంది. కానీ పిండి దగ్గరే ఉంది తిరకాసంతా. బేకింగ్ పౌడర్ తక్కువైతే ముద్దలు రాళ్లవుతాయి. ఎక్కువైతే నోరంతా చేదు. పాలు ఒక్క పిసరు ఎక్కువ పడితే పిండి జారిపోయి రసంలో కలిసిపోతుంది. పప్పుచారులో ఉప్పు తగ్గితే తర్వాత కలుపుకోవచ్చు. ఓవెన్‌లోకి వెళ్లినదాన్ని సరిచేయడం మాత్రం ఎవరి తరమూ కాదు. అందుకే ఈ వంటకి కొలత కావాలి. ఆ కొలతని ప్రతి ఇంటి వంటగదికీ చేర్చిన మనిషి పేరు ఫానీ మెరిట్ ఫార్మర్.

పదహారో ఏట పడ్డ దెబ్బ

ఫానీ 1857 మార్చి 23న అమెరికాలోని బోస్టన్‌లో పుట్టింది. తండ్రి ముద్రాపకుడు. నలుగురు అక్కచెల్లెళ్లలో ఈమే పెద్దది. ఆడపిల్లలకి చదువెందుకని ఆలోచించే ఇల్లు కాదు వాళ్లది. బాగా చదువుకుంటున్న పెద్దకూతుర్ని కాలేజీకి పంపాలని తల్లిదండ్రులు గట్టిగానే అనుకున్నారు.

అంతలో, పదహారేళ్ల వయసులో, ఆమెకి పక్షవాతం లాంటి జబ్బు చేసింది. అది పోలియో అయివుండవచ్చని ఇప్పటివాళ్లు భావిస్తున్నారు. కొన్నేళ్లపాటు మంచానికే అంకితమైపోయింది. ఆ తర్వాత లేచి నడిచింది కానీ కుంటుతనం జీవితాంతం వదల్లేదు. ఇక కాలేజీ మాట మరిచిపొమ్మన్నారు వైద్యులు. పదహారేళ్ల పిల్ల! తోటివాళ్లు ఒక్కొక్కరూ చదువులకీ, పెళ్లిళ్లకీ వెళ్లిపోతుంటే, కిటికీ పక్కన మంచం మీద ఏళ్ల తరబడి ఉండిపోవడం ఎలా ఉంటుందో మనం ఊహించుకోగలం. పెళ్లి ఆమె జీవితంలోకి రానేలేదు.

కాస్త కోలుకున్నాక ఇంట్లోనే వంట మొదలుపెట్టింది. తల్లి ఇల్లు భోజన వసతితో అద్దెకిచ్చే ఇల్లుగా మారింది. ఫానీ చేతి వంటకి మంచి పేరొచ్చింది. తర్వాత కేంబ్రిడ్జిలో షా అనే కుటుంబంలో ఇంటిపనిలో సాయంగా చేరింది. ఒక్కసారి ఆలోచించండి. కాలేజీకి వెళ్లాల్సిన అమ్మాయి మరొకరింట్లో పనికి కుదిరింది. కథ ఇక్కడితో ముగిసిపోయినా ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు.

ముప్ఫై ఏళ్లకి మళ్లీ విద్యార్థిని

ఆమె ఆసక్తి గమనించిన ఆ ఇంటి ఇల్లాలే వంటల బడికి వెళ్లమని ప్రోత్సహించింది. బోస్టన్‌లో 1879లో మహిళా విద్యా సంఘం వాళ్లు ఒక వంటల పాఠశాల పెట్టారు. ఆడవాళ్లు వంట నేర్చుకుని తమ కాళ్ల మీద తాము నిలబడాలన్నది దాని ఉద్దేశం. ముప్ఫై ఏళ్లు దాటాక ఫానీ అందులో చేరింది. 1889లో చదువు పూర్తి చేసింది. ఎంత బాగా చదివిందంటే, అక్కడే సహాయకురాలిగా ఉండిపొమ్మన్నారు. కొద్ది సంవత్సరాల్లోనే ఆ బడికి ప్రిన్సిపాల్ అయింది.

ఆ రోజుల్లో వంట పుస్తకాలు ఎలా ఉండేవో తెలుసా? కోడిగుడ్డంత వెన్న, టీ కప్పుడు చక్కెర, పొంగుగా ఒక చెంచా, చిటికెడు, గుప్పెడు... ఇవే కొలతలు. ఎవరింటి టీ కప్పు? ఏ కోడి పెట్టిన గుడ్డు? ఆ ప్రశ్నకి జవాబు లేదు. ఓవెన్ వేడి కూడా అంతే. కట్టెలతోనో బొగ్గులతోనో మండే ఇనప పొయ్యిలు. లోపల చెయ్యి పెట్టి, ఎంతసేపు ఓర్చుకోగలమో చూసి వేడి తెలుసుకునేవారు.

మనకిది కొత్తేమీ కాదు. ఉప్పు తగినంత, కారం రుచికి సరిపడా, నూనె కావలసినంత అని రాసిన వంటలు మనం ఎన్ని చదవలేదు! బియ్యానికి సోల, తవ్వ, గిద్ద ఉన్నా, పోపు గరిటె దగ్గరికొచ్చేసరికి అంతా చేతి లెక్కే. మా అత్తగారు పులిహోరలో ఉప్పు చేత్తోనే చల్లుతారు, ఒక్కనాడూ తప్పదు. ఆ చెయ్యి వెనక నలభై ఏళ్ల అనుభవం ఉంది మరి. కొత్తగా కాపురం పెట్టిన పిల్లకి ఆ చెయ్యి ఎక్కడి నుంచి వస్తుంది? పక్కన తల్లీ, అత్తగారూ ఉంటే చూసి నేర్చుకుంటుంది. ఎవరూ లేనివాళ్ల గతేమిటి?

సరిగ్గా ఆ లేనివాళ్ల కోసమే ఫానీ పనిచేసింది.

చాకు వీపుతో ఒక్క గీత

ఆమె చెప్పిన సూత్రం చాలా చిన్నది. కప్పైనా, పెద్ద చెంచా అయినా, చిన్న చెంచా అయినా అంచుకి సమానంగా ఉండాలి. పిండిని ముందు జల్లించాలి. కప్పుని పిండిలో ముంచి తీయకూడదు, చెంచాతో కొద్దికొద్దిగా నింపాలి. కప్పుని కుదపకూడదు, కుదిపితే పిండి దిగి లెక్క మారిపోతుంది. నిండాక చాకు వీపుతో పైన గీసేయాలి. మూడు చిన్న చెంచాలు ఒక పెద్ద చెంచా. పొడి పదార్థాలైతే పదహారు పెద్ద చెంచాలు ఒక కప్పు. అరచెంచా కావాలంటే నిండు చెంచాని చాకుతో నిలువునా రెండు భాగాలు చేయాలి. ఆ సగాన్ని అడ్డంగా కోస్తే పావు.

కొలతలు చెప్పడం ఆమెతోనే మొదలైందనలేం. అదే బడిలో ఆమెకి ముందు పనిచేసిన మేరీ లింకన్ 1884లో రాసిన పుస్తకంలోనే కొలతల పట్టిక ఇచ్చింది. అయితే, పొంగుగా అన్న మాటని తీసేసి, అంచుకి సమానమైన కొలతే కొలత అని పట్టుబట్టి, అందరికీ అలవాటు చేసింది ఫానీయే. అందుకే ఆమెని చదును కొలతల తల్లి అన్నారు.

1896లో ఆమె రాసిన ‘బోస్టన్ కుకింగ్ స్కూల్ కుక్ బుక్’ వెలువడింది. అందులో 1,849 వంటకాలున్నాయి. వంటలే కాదు, ఆహారంలో ఏముంటుంది, అది ఒంటికి ఏం చేస్తుంది అన్న పాఠంతో పుస్తకం మొదలవుతుంది. వంటని ఒక శాస్త్రంగా చెప్పిందన్నమాట.

ప్రచురణకర్తలైన లిటిల్, బ్రౌన్ వాళ్లకి మాత్రం ఆ పుస్తకం మీద నమ్మకం కలగలేదు. వంటల పుస్తకం ఎవరు కొంటారు అనుకున్నారు కాబోలు, అచ్చు ఖర్చు ఆమెనే పెట్టుకోమన్నారు. వేసింది 3,000 ప్రతులు. ఆమె తన సొమ్ము పెట్టింది, హక్కులు కూడా తన దగ్గరే ఉంచుకుంది. మరుసటి ఏడాదే మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చింది. ఆమె పోయేనాటికి మూడున్నర లక్షల పైచిలుకు ప్రతులు అమ్ముడయ్యాయి. మొత్తం మీద ఆ సంఖ్య 40 లక్షలు దాటింది. నష్టం వస్తే ఆవిడే భరిస్తుందిలే అని వాళ్లు వేసిన లెక్క చివరికి లాభాన్ని కూడా ఆవిడ చేతికే చేర్చింది. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు భలే సంతోషంగా ఉంటుంది.

మంచం పట్టినవాళ్ల కోసం

1902లో ఆ బడి వదిలి, తన పేరుతోనే సొంత పాఠశాల పెట్టింది. హోటళ్లలో పనిచేసేవాళ్ల కోసం కాదు, గృహిణులకీ నర్సులకీ అక్కడ నేర్పేవారు. ఆమె చెప్పే పాఠాలని బోస్టన్ దినపత్రిక ఒకటి వారం వారం ప్రచురించేది. మిగతా ఊళ్ల పత్రికలు వాటిని తీసుకుని వేసుకునేవి. చెల్లెలు కోరాతో కలిసి ఒక మహిళా పత్రికలో పదేళ్లపాటు వంటల శీర్షిక నడిపింది.

ఇంత పేరొచ్చినా ఆమె మనసు మాత్రం జబ్బుపడ్డవాళ్ల మీదే ఉండేది. 1904లో రోగులకీ, కోలుకుంటున్నవాళ్లకీ పెట్టవలసిన ఆహారం మీద ఒక పుస్తకం రాసింది. అందులో మధుమేహానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించింది. అప్పటికి ఇన్సులిన్ లేదు. అది 1921లో గానీ వెలుగులోకి రాలేదు. అంతవరకు ఆ జబ్బుకి పథ్యమే దిక్కు. హార్వర్డ్ వైద్య కళాశాలలో కూడా రోగుల ఆహారం గురించి ఆమె ఉపన్యాసాలిచ్చింది. కాలేజీ నీకు కుదరదని వైద్యులు చెప్పిన అమ్మాయి, వైద్యులకే పాఠం చెప్పే స్థాయికి ఎదిగింది!

ఏళ్లకేళ్లు మంచం మీద గడిపిన మనిషికే తెలుస్తుంది, రోగి ముందు పెట్టే గిన్నె ఎలా ఉండాలో. తినాలనిపించేలా ఉండాలి, కొద్దిగానే ఉండాలి, కంటికి ఇంపుగా ఉండాలి. జ్వరం వచ్చిన పిల్లాడికి జావ కాచి, చల్లార్చి, బతిమాలి తాగించే మనకి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

చివరి ఏళ్లలో మళ్లీ పక్షవాతం వచ్చింది. ఆఖరి ఏడేళ్లలో ఎక్కువకాలం చక్రాల కుర్చీలోనే గడిచింది. అయినా పాఠాలు ఆపలేదు. కుర్చీలో కూర్చునే వేదిక మీదికి వచ్చేది. 1915 జనవరి 15న తన 57వ ఏట కన్నుమూసింది. అంతకు పదిరోజుల ముందు కూడా ఉపన్యాసం ఇచ్చింది. ఆమె పెట్టిన బడి 1944 దాకా నడిచింది. ఆమె పుస్తకాన్ని తర్వాతివాళ్లు ఎన్నోసార్లు సవరించి అచ్చు వేశారు.

ఇవాళ మన పత్రికల్లో ఒక కప్పు, అర టీ స్పూను అని కొలతలు చూసి కొత్త వంటకం ధైర్యంగా మొదలుపెడుతున్నాం కదా? ఆ ధైర్యంలో ఫానీకి కూడా వాటా ఉందనిపిస్తుంది నాకు. వంట వచ్చిన చెయ్యి గొప్పదే, కాదనను. కానీ ఆ చేతిలోని గుట్టుని పేరూ ఊరూ తెలియని ఇంకో ఆడదానికి అందేలా కాగితం మీద పెట్టడం అంతకన్నా గొప్ప పని.

ఫానీ కొలతలతో మామిడి కాబ్లర్

పీచ్ పళ్లు మనకి అంతగా దొరకవు కనుక, నేను బంగినపల్లి మామిడితో చేస్తాను. వంటకం నాది, కొలిచే పద్ధతి ఆవిడది.

కావలసినవి: మామిడి ముక్కలు 4 కప్పులు, చక్కెర పావు కప్పు, నిమ్మరసం 1 టేబుల్ స్పూను, కార్న్‌ఫ్లోర్ 1 టేబుల్ స్పూను. పైన వేసే పిండికి: జల్లించిన మైదా 1 కప్పు, చక్కెర 2 టేబుల్ స్పూన్లు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీ స్పూను, ఉప్పు పావు టీ స్పూను, చల్లటి వెన్న 4 టేబుల్ స్పూన్లు, చల్లటి పాలు అర కప్పులోపు. కప్పు అంటే సుమారు 240 మిల్లీలీటర్లు పట్టేది.

చేసే విధానం: ముక్కల్లో చక్కెర, నిమ్మరసం, కార్న్‌ఫ్లోర్ కలిపి, ఓవెన్‌లో పెట్టదగిన లోతు పాత్రలో పరవాలి. 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో పది నిమిషాలు ఉంచాలి. పళ్లు ముందే వేడెక్కితే పిండి అడుగున పచ్చిగా ఉండిపోదు. ఈలోగా మైదాలో చక్కెర, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి, వెన్న ముక్కలు వేసి, వేళ్ల కొసలతో రవ్వలా అయ్యేదాకా నలపాలి. వెన్న కరగనివ్వకూడదు. పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి, గారెల పిండికన్నా కాస్త గట్టిగా ఉంటే చాలు. ఎక్కువసేపు పిసికితే ముద్దలు సాగుతాయి. ఈ పిండిని చెంచాతో తీసి, వేడి పళ్ల మీద అక్కడక్కడ ఖాళీ వదులుతూ పెట్టాలి. మళ్లీ ఓవెన్‌లో ఉంచి, పైన బంగారు రంగు వచ్చి, ఖాళీల్లోంచి రసం చిక్కగా ఉడుకుతూ కనిపించేదాకా కాల్చాలి. అరగంట దాకా పడుతుంది.

మామిడి పుల్లగా ఉంటే చక్కెర ఇంకో టేబుల్ స్పూను వేసుకోండి. అది కూడా చాకు వీపుతో గీసి, అంచుకి సమానంగా!