బందరు విడిచి వెళ్లని హెడ్మాస్టరు

మన సంఘాలలో పాస్టరు గారిని సన్మానిస్తాం, సువార్తికులను జ్ఞాపకం చేసుకుంటాం. కానీ ఎదిగే వయసులో ఉన్న మన పిల్లలను రోజంతా కనిపెట్టుకొని ఉండే హెడ్మాస్టర్లను, ప్రిన్సిపాళ్లను, హాస్టలు వార్డెన్లను తలుచుకోవడం అరుదు. వారి పరిచర్యకు వేదికలు, చప్పట్లు ఉండవు. హాజరు పట్టీ, ఫీజుల లెక్క, తల్లిదండ్రుల ఫిర్యాదులు, చదువు ఎక్కని పిల్లవాడి మౌనం, వీటితోనే వారి దినం గడిచిపోతుంది. అలాంటి ఒక హెడ్మాస్టరు జీవితాన్ని ఈ వారం మీ ముందు ఉంచుతున్నాం. ఆయనే రెవరెండ్ రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్. బందరులోని నోబుల్ కళాశాలకు ఆ పేరు ఆయన నుంచి వచ్చినదే.

నోబుల్ గారు 1809లో ఇంగ్లండులో ఒక పాదిరి ఇంట పుట్టారు. కేంబ్రిడ్జిలో సిడ్నీ ససెక్స్ కళాశాలలో చదివారు. కృష్ణా జిల్లా ప్రాంతంలో సువార్త పని మొదలుపెట్టాలని చర్చి మిషనరీ సొసైటీ తీర్మానించినప్పుడు, 1841లో హెన్రీ వాట్సన్ ఫాక్స్ గారితో కలిసి ఆయన ఈ తీరానికి వచ్చారు. ఇద్దరూ పనిని పంచుకున్నారు. ఫాక్స్ గారు ఊరూరా తిరిగి ప్రకటించడానికి పూనుకున్నారు. నోబుల్ గారు ఒక్కచోట కూర్చొని పిల్లలకు చదువు చెప్పడానికి ఒప్పుకున్నారు. తిరిగే పని కంటికి కనబడుతుంది. కూర్చొని చేసే పనికి ఫలం కనబడాలంటే ఏళ్లు పడుతుంది.

వచ్చీ రాగానే ఆయన బడి తెరవలేదు. రెండేళ్లు తెలుగు నేర్చుకున్నారు. 1843 నవంబరు 21న బడి మొదలైంది. మొదటి రోజు వచ్చింది ఇద్దరే పిల్లలు. ఇంగ్లీషు వస్తే సర్కారు కొలువు దొరుకుతుందని ఆ రోజుల్లో పెద్ద కుటుంబాలకు ఆశ ఉండేది, పాదిరి బడికి పంపితే కులం చెడుతుందేమోనని భయమూ ఉండేది. నోబుల్ గారు ఆ భయాన్ని మభ్యపెట్టి పోగొట్టాలని చూడలేదు. తన బడిలో బైబిలు పాఠం ఉంటుందని మొదటి నుంచీ అందరికీ తెలిసేలానే నడిపారు. ఆ సంగతి తెలిసి కూడా తండ్రులు పిల్లలను పంపారంటే, ఆయన చదువు మీద, నడవడి మీద కుదిరిన నమ్మకమే కారణం. బడి మెల్లమెల్లగా పెరిగింది.

ఇంతలో సహవాసి దూరమయ్యారు. 1845లో ఫాక్స్ గారి భార్య చనిపోయారు. ఆరోగ్యం చెడి ఇంగ్లండు చేరిన ఫాక్స్ గారు 1848లో 31 ఏళ్లకే కన్నుమూశారు. నోబుల్ గారు బందరులోనే ఉండిపోయారు. ఆయన పెళ్లి చేసుకోలేదు. బడి పిల్లలే ఆయనకు ఇల్లూ వాకిలీ అయ్యారు.

ఆయనకు అసలైన పరీక్ష 1852లో వచ్చింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని మొదలైన సంవత్సరమే అది. ఐనాల భూషణం, మంచాల రత్నం అనే ఇద్దరు విద్యార్థులు క్రీస్తును వెంబడిస్తామని నిర్ణయించుకొని, ఇళ్లు విడిచి, బాప్తిస్మం పొందారు. భూషణం వెలమ కుటుంబంలోని వాడు, రత్నం బ్రాహ్మణ కుటుంబంలోని వాడు. ఊరు అట్టుడికిపోయింది. తండ్రులు తమ పిల్లలను బడి మానిపించారు. తొమ్మిదేళ్లుగా కూడిన బడి కొద్ది రోజుల్లో ఖాళీ అయింది.

ఆ రోజులను మనం కేవలం విజయగాథగా చెప్పుకోకూడదు. కన్నకొడుకు ఇక తమ పంక్తిలో కూర్చోడని తెలిసిన తల్లుల దుఃఖం నిజమైనది. ఆ కుర్రవాళ్లు పోగొట్టుకున్నది కూడా తక్కువేమీ కాదు. ఇల్లు, బంధువులు, ఆస్తి, ఊరిలో పరువు అన్నీ ఒక్కసారిగా వదులుకున్నారు. అలాంటి సమయంలో బడి పెద్ద ముందు రెండు దారులుంటాయి. బడిని కాపాడుకోవడానికి పిల్లలను వెనక్కి పంపడం ఒకటి. పిల్లల పక్షాన నిలిచి బడిని దేవుని చేతికి అప్పగించడం మరొకటి. నోబుల్ గారు రెండో దారి పట్టారు. ఖాళీ బల్లల ముందు ఓపికగా మళ్లీ మొదలుపెట్టారు. కాలం గడిచాక, ఆయన దాపరికం లేని మనిషని ఎరిగిన కుటుంబాలు పిల్లలను తిరిగి పంపసాగాయి. ఆ తర్వాతి సంవత్సరాలలో జానీ ఆలీ అనే ముస్లిం విద్యార్థి కూడా బాప్తిస్మం పొందాడు. అతడు తర్వాత కేంబ్రిడ్జిలో చదివి, మన దేశానికి తిరిగివచ్చి తన వారి మధ్య పరిచర్య చేశాడు. భూషణం, రత్నం గార్లు 1864లో గురువులుగా అభిషేకం పొందారు. బడి బల్ల మీద మొదలైన పని సంఘ కాపరి పని దాకా చేరడానికి పన్నెండేళ్లు పట్టింది.

అయితే ఒక సంగతి దాచి ఆయనను గౌరవించడం సరికాదని తలుస్తున్నాం. నోబుల్ గారి బడి అగ్రకులాల పిల్లల కోసం పెట్టినది. కుల కట్టుబాట్లకు లోబడి, అంటరాని వారిగా ఎంచబడిన పిల్లలను అందులో చేర్చుకోలేదు. పైవారు మారితే ఆ వెలుగు కిందివారికి దిగుతుందని ఆయన అంచనా. దేవుడు ఈ డెల్టాలో వేరే దారి చూపించాడు. 1859లో పగోలు వెంకయ్య గారు డార్లింగ్ పాదిరి గారి చేత బాప్తిస్మం పొందారు. ఆయన మాల కులస్థుడు, బడి మెట్టు ఎక్కని మనిషి. ఆయన సాక్ష్యంతో కృష్ణా జిల్లా పల్లెల్లో సంఘాలు లేచాయి. నేడు మన మందిరాలలో కూర్చునే ఎంతోమంది తాత ముత్తాతలు ఆ గుంపులోని వారే. నోబుల్ గారి తలుపు వారికి మూసి ఉంది. ఇది బాధ కలిగించే నిజం. ఆయన ఓర్పును నేర్చుకుందాం, ఆ మూసిన తలుపును మాత్రం మన బడులకు రానివ్వకుండా చూద్దాం.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. తుపాను గాలికి సముద్రం పొంగి బందరు మీద పడింది. పట్టణంలోను, చుట్టుపక్కల ఊళ్లలోను సుమారు 30,000 మంది చనిపోయారని చరిత్ర చెబుతుంది. షార్కీ దంపతుల బాలికల హాస్టలులో అనేకమంది ఆడపిల్లలు ఆ రాత్రే ప్రాణాలు కోల్పోయారు. ఆ నాశనం మధ్య కూడా నోబుల్ గారు ఊరు విడువలేదు. మరుసటి సంవత్సరం 1865 అక్టోబరు 17న ఆయన బందరులోనే ప్రభువునందు నిద్రించారు. ఇక్కడికి వచ్చిన తర్వాత 24 ఏళ్లలో ఒక్కసారి కూడా స్వదేశానికి వెళ్లలేదు.

ఆయన పోయినా బడి ఆగలేదు, తర్వాతి కాలంలో కళాశాలగా ఎదిగింది. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు అక్కడ పాఠాలు చెప్పారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు గార్ల వంటివారు అక్కడ చదివారు. వీరు క్రైస్తవులు కారు. అయినా ఇద్దరు పిల్లలతో మొదలైన బడి తెలుగు దేశానికంతటికీ మేలు చేసిందనడానికి వీరే సాక్షులు.

ప్రియులారా, నేడు విజయవాడ చుట్టూ రెసిడెన్షియల్ కళాశాలల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు పుస్తకాల ముందు కూర్చునే పిల్లలు వేలల్లో ఉన్నారు. అందులో మన సంఘాల పిల్లలూ ఉన్నారు. మార్కులు తగ్గితే ఇంటికి ఫోను చేయడానికి భయపడేవారు, ఎవరితోనూ మనసు విప్పలేనివారు ఉన్నారు. వారికి ర్యాంకులు లెక్కపెట్టేవారు చాలామంది ఉన్నారు. పేరు పెట్టి పిలిచి, ఫెయిలైన రోజున పక్కన కూర్చునే పెద్దలు కావాలి. అలాంటి ప్రిన్సిపాలు, వార్డెను, హెడ్మాస్టరు మీ ఊరిలోనూ ఉండే ఉంటారు. వారు మన విశ్వాసానికి చెందినవారు కాకపోయినా సరే, వారి దగ్గరకు వెళ్లి కృతజ్ఞత చెప్పండి. ఆదివారం ఆరాధనలో వారి పేరు పెట్టి ప్రార్థించండి. ఫలితాలు వచ్చే రోజున సంఘపెద్దలు ముందుగా తప్పిన పిల్లల ఇళ్లకు వెళ్లండి.

విత్తినవాడు కోతను చూడకపోవచ్చు. బందరు మట్టిలో నిద్రిస్తున్న ఆ హెడ్మాస్టరు కూడా చాలావరకు చూడలేదు. అయినా బడి తలుపు తీసే వేళకు ఆయన ప్రతిదినం అక్కడే ఉన్నారు. మన పిల్లలకు అలాంటి పెద్దలను దేవుడు దయచేయును గాక.