అంకెలకు అంకితమైన జీవితము

ఉర్దూ జంత్రీ విప్పినను, తెలుగు పంచాంగము విప్పినను మనకు కనిపించునవి అంకెల వరుసలే. ఏ వరుస దేనికి సంబంధించినదో తెలియనిచో ఆ పుట యావత్తు నిరర్థకము. అట్టి వరుసలను శ్రద్ధతో నింపుటకు జీవితమును ధారపోసిన మహనీయులు విశాఖపట్టణ వాస్తవ్యులైన అంకితం వెంకట నరసింగరావుగారు.

వీరు 1827లో జన్మించినారు. వీరి మామగారైన గోడే వెంకట జగ్గారావుగారు మదరాసు నక్షత్రశాలలో టేలర్ దొరవద్ద ఖగోళశాస్త్రము నేర్చి, 1840 ప్రాంతమున విశాఖలోని డాబా గార్డెన్సులో సొంత ధనముతో నక్షత్రశాలను నెలకొల్పినారు. 1856లో జగ్గారావుగారు పరమపదించగా ఆ భారము అల్లునిపై పడినది. నరసింగరావుగారు డిప్యూటీ కలెక్టరు పదవిని సైతము విడిచి ఆ భారమును వహించినారు. 1871లో లండనులోని రాయల్ అస్ట్రనామికల్ సొసైటీ వారిని సభ్యునిగా ఎన్నుకొన్నది. 1874లో వారు ఆరు అంగుళముల దూరదర్శినిని నెలకొల్పినారు. ఆ ఏడాది డిసెంబరు 9వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా సాగినప్పుడు ఆ సమయములను గుర్తించి లండనుకు నివేదించినారు. వివిధ దేశములలో గుర్తించిన అట్టి సమయములను పోల్చియే ఆనాటి శాస్త్రజ్ఞులు సూర్యుని దూరమును గణించినారు. నిమిషముల గడిలో సెకనులు పడినచో ఆ శ్రమ యంతయు వృథాయే కదా!

ఆ నక్షత్రశాలలో వాతావరణ వివరములను కూడ నమోదు చేసెడివారు. ఆ కాలమున వానను అంగుళములలో కొలిచెడివారు. వాయుపీడనమును కూడ పాదరసపు అంగుళములలోనే కొలిచెడివారు.

నేడు మన విద్యార్థులు ఇట్టి పట్టికలను కంప్యూటరుచేత చదివించుచున్నారు. ఫైలులోని ప్రతి పంక్తియందు తేదీ, ఉష్ణోగ్రత, వర్షపాతము, వాయుపీడనము వరుసగా ఉన్నవనుకొందము. ప్రోగ్రాము పంక్తిని ఖాళీలవద్ద విడదీసి, మూడవ అంకెను వర్షపాతముగా గ్రహించును. ఒకనాటి ఉష్ణోగ్రత లోపించినచో తక్కిన అంకెలు ఒక గడి ముందుకు జరుగును. అప్పుడు 29.9 అంగుళముల వాయుపీడనము వానగా మారి, ఎండ కాసిన దినమున ప్రళయవర్షము కురిసినట్లగును! యంత్రమునకు సందేహము కలుగదు, సందేహించవలసినది మనమే.

కావున ప్రతి పంక్తిలో అంకెలు నాలుగున్నవో లేవో ముందు సరిచూడవలెను. కొలవని చోట సున్న వేయరాదు. సున్న యనగా కొలిచితిమి, వాన లేదని అర్థము; ఖాళీ యనగా కొలవలేదని అర్థము. ఈ రెంటిని కలిపివేసినచో లేని కరవు పుట్టుకొనివచ్చును. లోపించిన చోట ఒక నిర్ణీతమైన గుర్తు ఉంచి, ప్రతి వరుసపైన దాని పేరును, కొలమానమును రాయవలెను.

నరసింగరావుగారు 1892లో కీర్తిశేషులైనారు. కంప్యూటరు వారు ఎరుగనిది. అయినను తాము చూడబోని తరములవారు చదువుదురను నమ్మికతో రాయు ప్రతి అంకెయందు సత్యము ఉండవలెనను పాఠమును వారి జీవితము మనకు నేర్పుచున్నది. బొబ్బిలిలో కంప్యూటరు ముందు కూర్చొను మన విద్యార్థులు ఆ బాధ్యతకు వారసులు.