నక్షత్రం వెంట దోర్నకల్ దాకా

ఆగమన కాలం మొదలైతే చాలు, మన పాతబస్తీ విశ్వాసుల ఇళ్ల ముందు నక్షత్రాలు వెలుగుతాయి. తూర్పు దేశపు జ్ఞానులను బేత్లెహేముకు నడిపించిన నక్షత్రానికి గుర్తుగా వాటిని కడుతున్నాం. అయితే ఆ జ్ఞానులు నక్షత్రాన్ని చూసి సంతోషించి ఇంట్లోనే ఉండిపోలేదు. ఉన్న చోటు విడిచి బయల్దేరారు. అలా బయల్దేరి మన తెలుగునేలకు వచ్చిన దైవజనుడు బిషప్ వి.ఎస్. అజరయ్య.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై అనే పల్లెలో ఒక పాదిరిగారింట పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఊరూరా తిరిగారు. చేతినిండా పని, మంచి పేరు. తన జీవితానికి దైవచిత్తం అంతేనని ఆయన అనుకుని ఉంటే తప్పుపట్టేవారెవరు?

1902లో యాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో సువార్త సేవకులను పంపడం ఆయన చూశారు. మరి మన సంఘాలు ఎందుకు పంపడం లేదు? ఆ ప్రశ్న ఆయనను వదల్లేదు. దేవుని నడిపింపు అనగానే ఆకాశం నుంచి స్వరం వినబడాలని మనలో చాలామందిమి ఎదురుచూస్తాం. ఆయనకు అది మనసును కలవరపెట్టే ప్రశ్నగా వచ్చింది. మరుసటి ఏడాదే తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. 1905 క్రిస్మస్ రోజున సెరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించిన వారిలోనూ ఆయన ముందున్నారు.

ఇతరులను పంపి తాను ఆగిపోలేదు. 1909లో, ముప్పై అయిదేళ్ల వయసులో, ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది దోర్నకల్ చేరారు. మన పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నివసించిన రోజులవి. దోర్నకల్ ఆయన ఏలుబడిలోనే ఉండేది. తమిళుడైన అజరయ్యకు తెలుగు పరాయి భాష. అది కూడా నేర్చుకున్నారు.

1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్ అయ్యారు. భారతీయుడికి ఆ పదవేమిటని అడ్డుపడిన మిషనరీలూ ఉన్నారు. ఆయన మాత్రం ఎడ్లబండి ఎక్కి మాల, మాదిగ పల్లెలకు వెళ్లారు. బాప్తిస్మం పొందినవారి చేత, తామూ సువార్త చెబుతామని తలపై చేయి ఉంచి ప్రమాణం చేయించేవారు. అందుకే అక్కడ సంఘం విస్తరించింది. 1941 నాటికి దోర్నకల్ అధ్యక్ష మండలంలో సభ్యుల సంఖ్య రెండు లక్షలు దాటింది. సంఘ ఎన్నికల కోసం కోర్టుల చుట్టూ తిరిగే మనం ఈ ఆగమన కాలంలోనైనా ఆ ఎడ్లబండిని గుర్తుచేసుకోవాలి.

దోర్నకల్‌లో ఏళ్ల తరబడి శ్రమించి ఆయన కట్టించిన ఆలయాన్ని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. దాని పేరు ఎపిఫనీ కెథడ్రల్. జ్ఞానులు నక్షత్రం వెంట వచ్చి శిశువైన ప్రభువును దర్శించిన పండుగ పేరే అది, ఆ రోజూ అదే. గుడి స్తంభాలను పోలిన స్తంభాలు, గుమ్మటాలు, మినార్లు అక్కడ కనిపిస్తాయి. చార్మినార్‌ను చూసి పెరిగిన మనకు అవి పరాయిగా తోచవు. మన ఇరుగుపొరుగు కళ్లకూ సొంతంగా కనిపించే ఆలయం అది.

సంఘాల ఐక్యత కోసం 1919లో తరంగంబాడిలో మొదలైన ప్రయత్నంలో ఆయన పాతికేళ్లు నడిచారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భవించింది. ఆ ఆరాధన చూడటానికి ఆయన లేరు. 1945 జనవరి 1నే, ఎపిఫనీ పండుగ ఇంకా అయిదు రోజులుందనగా, దోర్నకల్‌లో కన్నుమూశారు.