పిలుపు మోసిన మనిషి – వెరియర్ ఎల్విన్



మన జ్ఞాపక సంచికలో మన జాతుల వీరులనూ, మన కోసం నిలబడిన పెద్దలనూ తలచుకోవడం ఆనవాయితీ. ఈసారి మేము ఎంచుకున్న పేరు కొందరికి ఆశ్చర్యం కలిగించవచ్చు. ఆయన ఆదివాసీ కాదు. ఈ దేశంలో పుట్టినవారూ కాదు. ఇంగ్లండులో ఒక బిషప్పు ఇంట పుట్టి, తానూ గురుపట్టం పొంది, క్రీస్తు సేవ కోసమని ఓడెక్కి వచ్చి, చివరికి గోండు గూడెంలో గుడిసె వేసుకున్న వెరియర్ ఎల్విన్ గారు ఆయన.

ఈయన్నే ఎందుకు ఎంచుకున్నామో ముందుగా చెప్పుకోవాలి. మా సంఘంలో ఆదివారం చర్చికి వెళ్లేవారు ఉన్నారు. పెద్దల దేవతలకు మొక్కేవారూ ఉన్నారు. ఒకే ఇంట్లో అన్న చర్చికి, తమ్ముడు కొత్తల పండుగకు వెళ్లే గూడేలు మనకు తెలుసు. పెళ్లిలో డోలు కొట్టవచ్చా, చనిపోయినవారిని ఎవరి ఆచారం ప్రకారం సాగనంపాలి అనే మాటల దగ్గర బంధువుల మధ్య మనసులు విరుగుతున్నాయి. విశ్వాసం మారితే జాతి మారుతుందా, జాతిని కాపాడుకోవాలంటే విశ్వాసం వదులుకోవాలా అని మన పిల్లలు అడుగుతున్నారు. ఎల్విన్ గారి జీవితమంతా ఇలాంటి ప్రశ్నతోనే గడిచింది. ఆయన చేరుకున్న చోటుకే మనమూ చేరుకోవాలని కాదు గానీ, ఆయన నడిచిన దారిని తెలుసుకుంటే మనకు మేలు జరుగుతుందని మా నమ్మకం.

బిషప్పు కొడుకు

హారీ వెరియర్ హోల్మన్ ఎల్విన్ 1902 ఆగస్టు 29న ఇంగ్లండులోని డోవర్‌లో పుట్టారు. తండ్రి పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు ఆంగ్లికన్ బిషప్పు. పిల్లవాడికి ఏడేళ్లు నిండేసరికే, 1909లో ఆయన కన్నుమూశారు. తల్లి గొప్ప భక్తురాలు. బైబిలు చదువు, ప్రార్థన, ప్రభువు రాకడ కోసం ఎదురుచూపు, ఇవే ఆ ఇంటి వాతావరణం. కొడుకు కూడా తండ్రిలాగే దైవసేవకుడు కావాలని ఆ తల్లి కోరుకున్నది.

ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాలలో ఆయన ఇంగ్లిషు సాహిత్యంలోనూ, తర్వాత వేదాంతశాస్త్రంలోనూ ప్రథమ శ్రేణి సాధించారు. గురుపట్టం పొందారు. పాదిరీలను తయారుచేసే విక్లిఫ్ హాల్‌లో ఉపాధ్యక్షుడయ్యారు. అక్కడే ఉండిపోతే పెద్ద పదవులు అందేవి. కానీ ఆ యువకుడి మనసులో వేరే ఆలోచన మెదిలింది. తన దేశంవారు భారతదేశం నుంచి ఎంతో తీసుకుపోయారు, తన కుటుంబం నుంచి ఒక్కరైనా ఆ అప్పు తీర్చడానికి వెళ్లాలి అనుకున్నారు. ఆయనకు వినిపించిన పిలుపు అది. 1927 చివరలో పూనాలోని క్రిస్త సేవా సంఘంలో చేరడానికి ఓడెక్కారు. భారతీయ పద్ధతిలో, ఆశ్రమ జీవితం గడుపుతూ క్రీస్తును సేవించాలని ఏర్పడిన సంఘం అది.

సబర్మతి నుంచి కరంజియాకు

1928 జనవరిలో సబర్మతి ఆశ్రమంలో జరిగిన సర్వమత సమావేశానికి ఎల్విన్ వెళ్లారు. అక్కడ గాంధీజీని చూశారు. కొండమీది ప్రసంగంలో తాను చదివినది ఇక్కడ ఆచరణలో ఉందని ఆయనకు అనిపించింది. ఖద్దరు కట్టారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం మొదలైనప్పుడు క్రీస్తు బోధకు, సత్యాగ్రహానికి ఉన్న పొత్తును వివరిస్తూ పుస్తకం రాశారు. తెల్లవాడై ఉండి, పాదిరీ అయి ఉండి కాంగ్రెసు పక్షాన నిలవడం ఆనాడు చిన్న విషయం కాదు. 1932లో వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో పఠానులపై జరిగిన అణచివేతను చూసి రావడానికి వెళ్తే, ప్రభుత్వం ఆయనను అక్కడి నుంచి పంపించివేసింది.

1931లో ఆయన క్రిస్త సేవా సంఘాన్ని వదిలారు. పేదలలోకెల్లా పేదల మధ్య ఉండాలని ఆయన కోరిక. గోండుల సంగతి జమ్నాలాల్ బజాజ్ చెప్పగా విన్నారు. 1932 ఆరంభంలో మహారాష్ట్రకు చెందిన క్రైస్తవ మిత్రుడు శామరావు హివాలేతో కలిసి మండ్లా జిల్లాలో మైకల్ కొండల్లోని కరంజియా చేరారు. అమర్‌కంటక్‌కు దగ్గరి గూడెం అది. మట్టి గోడల గుడిసెలు వేసుకున్నారు. అస్సిసీ ఫ్రాన్సిస్ పేరు ఆశ్రమానికి పెట్టుకున్నారు. బడి పెట్టారు, మందులిచ్చారు, కుష్ఠు రోగులకు ఆశ్రయం కల్పించారు. ఎల్విన్‌ను బడా భాయ్ అనీ, శామరావును ఛోటా భాయ్ అనీ గోండులు పిలిచేవారు. జ్వరాలతో మంచాన పడిన రోజులు ఎన్నో ఉన్నా ఆయన అక్కడి నుంచి కదలలేదు.

చర్చి తలుపు మూసుకున్నప్పుడు

ఆయనకు అసలు పరీక్ష చర్చి వైపు నుంచి వచ్చింది. ఆ ప్రాంతంలో గురువుగా సేవ చేయాలంటే నాగపూర్ బిషప్పు అనుమతి కావాలి. బిషప్పు రాజభక్తి ప్రమాణం చేయమన్నారు. స్వరాజ్యం న్యాయమని నమ్మిన ఎల్విన్ దానికి ఒప్పుకోలేదు. అనుమతి రాలేదు. గోండులకు బాప్తిస్మం ఇచ్చి చర్చిలో కలపాలన్న ఆలోచన ఆయనకు లేకపోవడం కూడా పెద్దలకు నచ్చలేదు. ఆయన మాత్రం సేవ చేస్తే చాలనుకున్నారు. తిండి, మందు, చదువు ఇచ్చి బదులుగా మనిషి విశ్వాసాన్ని అడగడం ఆయనకు సరిగా తోచలేదు.

కొన్నేళ్లు లోలోపల మథనపడి, 1935లో ఆయన ఆంగ్లికన్ చర్చి నుంచి తప్పుకున్నారు. కొడుకును దైవసేవకే పెంచిన తల్లికి ఆ కబురు ఎంత బాధ కలిగించి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. ఆయనకు కూడా అది తేలిక కాదు. బాల్యం నుంచి ఊపిరిలా ఉన్న ప్రార్థన, సంస్కారాలు, స్నేహితులు అన్నీ ఒక్కసారిగా దూరమయ్యాయి.

ఇక్కడ మాలో మాకే భిన్నాభిప్రాయం ఉందని ఒప్పుకుంటాం. చర్చిని వదిలినప్పుడు ఆయన పిలుపును వదిలేశారని మాలో కొందరు అంటారు. పిలుపు కోసమే చర్చిని వదిలారని మరికొందరు అంటారు. ఒక్క విషయంలో మాత్రం అందరం ఏకమయ్యాం. చర్చిని వదిలాక ఆయన ఇంగ్లండుకు తిరిగిపోలేదు. ఆక్స్‌ఫర్డ్ ఉద్యోగం వెతుక్కోలేదు. గోండుల మధ్యనే ఉండిపోయారు.

నేర్పడానికి వచ్చి నేర్చుకున్నారు

కరంజియాకు వచ్చేటప్పుడు ఎల్విన్ చేతిలో రెండు ఉపదేశాలు ఉన్నాయి. ఒకటి చర్చిది, రెండవది గాంధీజీ ఆశ్రమానిది. రెండింటిలోనూ గోండులను మార్చాలన్న ఆలోచనే ఉంది. పత్తి పండని కొండల్లో రాట్నం వడకమంటే ఏమి ప్రయోజనమని ఆయన ఆలోచించారు. ఇప్పసారా లేకుండా గోండుల పెళ్లి గానీ, చావు గానీ, దేవుడి కొలుపు గానీ జరగదని గమనించారు. ఆటపాటలు పాపమని చెప్పేవారి మాట ఆయన చెవికి ఎక్కలేదు. మెల్లగా ఉపదేశం ఆపి వినడం మొదలుపెట్టారు. శామరావుతో కలిసి పాటలు, కథలు సేకరించారు.

1939లో వెలువడిన ‘ది బైగా’ గ్రంథం ఆయనకు పేరు తెచ్చింది. నాగలితో దున్నితే భూమితల్లి రొమ్ము చీల్చినట్టని నమ్మే బైగాలు కొండల్లో పోడు చేసుకుని బతికేవారు. అటవీశాఖ పోడును నిషేధించి వారిని ఒక మూలకు నెట్టింది. అడవి పోతే ఆ జాతి మనసే కుంగిపోతుందని ఎల్విన్ రాశారు. 1942లో ఇనుము కరిగించే అగరియాల గురించి రాశారు. కొలిమి మీద పన్ను, బజారులో చవక ఇనుము కలిసి ఆ వృత్తిని ఎలా దెబ్బతీశాయో చూపించారు. బస్తర్‌లో మారియాల నూరు హత్య కేసులను పరిశీలించి 1943లో ఇంకో పుస్తకం తెచ్చారు. ఆదివాసీ పుట్టుకతోనే హింసాపరుడన్న అపోహను అది ప్రశ్నించింది. 1947లో మురియాల గోటుల్ గురించి వచ్చిన గ్రంథం ప్రపంచమంతా చదివింది.

మన తెలుగు నేలకు దగ్గరి ముచ్చట కూడా ఒకటి ఉంది. ఒడిశా కొండల్లో సవరల మధ్య ఆయన చాలాకాలం తిరిగారు. సవరల దేవతలు, పూజారులు, గోడల మీద గీసే బొమ్మల గురించి 1955లో పెద్ద గ్రంథం వెలువరించారు. శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లోని మన సవర సోదరులు ఆ ప్రజల బంధువులే. దేవతలతో మాట్లాడే సవర పూజారిణుల భక్తిని ఆయన ఎక్కడా ఎగతాళి చేయలేదు. బిషప్పు కొడుకు ఇంకొకరి దేవుడి ముందు తలవంచి కూర్చుని శ్రద్ధగా విన్నారు. చర్చికి వెళ్లే మనవాళ్లు, వెళ్లనివాళ్లు కూడా ఈ ఒక్క గుణం నేర్చుకుంటే చాలు.

విమర్శలు, ఒక మాయని మచ్చ

ఆయన మీద విమర్శలు తక్కువ కాదు. ఆదివాసులను లోకానికి దూరంగా కంచె వేసి ఉంచమంటున్నారని చాలామంది నిందించారు. బైగాల కోసం ప్రత్యేక రక్షిత ప్రాంతం ఉండాలని ఆయన ఒకప్పుడు రాసిన మాట వాస్తవమే. తర్వాత ఆ అభిప్రాయం నుంచి ఆయనే దూరం జరిగారు. ఆదివాసులు వెనుకబడిన హిందువులేనని వాదించిన జి.ఎస్. ఘుర్యే వంటి పండితులతో ఆయనకు పెద్ద వాదమే నడిచింది. 1944లో మండ్లాలో మిషనరీల మతమార్పిడి పద్ధతులను తీవ్రంగా విమర్శించి, పాత స్నేహితులకు కూడా దూరమయ్యారు.

ఇంకొక సంగతి దాచకుండా చెప్పాలి. 1940లో ఆయన తన బడిలో చదువుకున్న కోసి అనే రాజ్‌గోండు అమ్మాయిని పెళ్లి చేసుకున్నారు. ఆమె వయసులో ఆయనకంటే చాలా చిన్నది. 1949లో కోర్టు ద్వారా విడిపోయారు. తర్వాత పటన్‌గఢ్‌కు చెందిన పర్ధాను యువతి లీలను వివాహమాడి చివరివరకూ ఆమెతో కాపురం చేశారు. ఆత్మకథలో కోసి గురించి ఆయన రాసింది చాలా తక్కువ. ఆయన పోయిన నలభై ఏళ్లకు కూడా ఆ తల్లి తన ఊళ్లో పేదరికంలోనే బతికింది. లోకానికి మన గొప్పతనం చాటినవారు మన ఆడబిడ్డ ఒకరికి న్యాయం చేయలేకపోయారు. ఆయనను గౌరవిస్తూనే ఈ మాట రాస్తున్నాం. కోసి పేరు కూడా ఈ సంచికలో ఉండాలని మేము కోరుకున్నాం.

కొత్త దేశంలో కొత్త బాధ్యత

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన భారత పౌరసత్వం తీసుకున్నారు. 1954లో షిల్లాంగ్ చేరి ఈశాన్య సరిహద్దు ప్రాంతానికి, అంటే నేటి అరుణాచల్ ప్రదేశ్‌కు, గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యారు. కాలినడకన, గుర్రాల మీద ఆ కొండలన్నీ తిరిగారు. 1957లో ఆ ప్రాంత పాలన ఎలా ఉండాలో ఒక పుస్తకం రాశారు. దాని తర్వాతి ముద్రణకు నెహ్రూ రాసిన ముందుమాటలోనే గిరిజన పంచశీలగా పేరొందిన ఐదు సూత్రాలు ఉన్నాయి. గిరిజనులు తమ స్వభావానికి తగినట్టు ఎదగాలి. భూమి మీద, అడవి మీద వారి హక్కును గౌరవించాలి. వారిలోంచే పనివారిని తయారుచేయాలి. పథకాలతో, అధికారులతో వారిని ముంచెత్తకూడదు. ఖర్చయిన డబ్బు లెక్కతో కాక మనుషుల ఎదుగుదలతో ఫలితాన్ని కొలవాలి. ఐటీడీఏ ఆఫీసుల చుట్టూ తిరిగిన మనకు ఈ ఐదింటిలో ఏది ఎంత అమలైందో వేరే చెప్పనక్కర లేదు.

1960లో దేశంలోని ప్రత్యేక గిరిజన అభివృద్ధి బ్లాకుల పనిని సమీక్షించిన కమిటీకి ఆయనే అధ్యక్షులు. షెడ్యూల్డు ప్రాంతాల మీద వేసిన ఢేబర్ కమిషన్‌లోనూ సభ్యులుగా ఉన్నారు. 1961లో పద్మభూషణ్ వచ్చింది. 1964 ఫిబ్రవరి 22న ఢిల్లీలో కన్నుమూశారు. చివరి రోజుల్లో బౌద్ధం వైపు మొగ్గిన ఆయనకు బౌద్ధ పద్ధతిలో అంత్యక్రియలు జరిగాయి. ఆత్మకథ ఆయన మరణించిన ఏడాదే వెలువడి, మరుసటి ఏడాది కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందింది.

మనం తీసుకోవలసినది

ఎల్విన్ గారు క్రైస్తవుడిగా పుట్టి బౌద్ధుడిగా సాగనంపబడ్డారు. ఆయన జీవితాన్ని ఏ ఒక్క మతమూ తనదని పూర్తిగా చెప్పుకోలేదు. అయినా తొలినాడు విన్న పిలుపు, అంటే తీసుకున్నది తిరిగి ఇవ్వాలన్న పిలుపు, ఆయనను ముప్పై ఆరేళ్లు ఈ దేశంలోనే నిలబెట్టింది.

మాలో క్రీస్తును నమ్మినవారికి ఈ జీవితం ఒక హెచ్చరిక చేస్తుంది. విశ్వాసం పేరిట అమ్మ భాషను, అవ్వ పాటను, డోలు మోతను పాపమనకూడదు. పెద్దల దేవతలను కొలిచేవారికి కూడా ఇందులో ఒక మాట ఉంది. ప్రార్థనకు వెళ్లినంత మాత్రాన మన తమ్ముడు పరాయివాడు కాడు. భూమి పోతే ఇద్దరిదీ పోతుంది. అడవి మూస్తే ఇద్దరి పొయ్యీ ఆరుతుంది.

వచ్చే కొత్తల పండుగకు, వచ్చే క్రిస్మస్‌కు మన గూడేల్లో ఇరుపక్షాలవారూ ఒకరి ఇంట ఒకరు భోజనం చేయాలని మా సంఘం తరఫున కోరుతున్నాం. ఎల్విన్ గారిని తలచుకోవడానికి విగ్రహాలు అక్కర లేదు, ఇది చాలు.

జై ఆదివాసీ. జోహార్.