మార్లవాయి మరువని హైమన్‌డార్ఫ్

సంగారెడ్డి: వియన్నా నగరంలో జన్మించి, ఆదిలాబాద్ అడవుల్లో గోండుల గుడిసెల నడుమ కాపురముండి, వారి భూములకు చట్టరక్షణ లభించడంలో కీలకపాత్ర పోషించిన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు ప్రస్తావన వచ్చినప్పుడల్లా తెలంగాణలో ఆయన సేవలు స్మరణకు రాక మానవు.

నిర్బంధమే వరమైంది

1909లో జన్మించిన హైమన్‌డార్ఫ్ 1939లో భారతదేశానికి వచ్చిన కొద్దికాలానికే రెండో ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందున ఆయనను శత్రుదేశ పౌరునిగా పరిగణించి హైదరాబాద్ సంస్థానానికి పరిమితం చేశారు. ఆ నిర్బంధమే గిరిజనుల పాలిట వరమైంది. సతీమణి ఎలిజబెత్‌తో కలిసి ఆయన నల్లమల చెంచులను, గోదావరి తీరంలోని కొండరెడ్లను అధ్యయనం చేశారు.

1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీం నేలకొరిగిన అనంతరం తిరుగుబాటుకు కారణాలేమిటో తెలుసుకోవలసిన అగత్యం నిజాం సర్కారుకు ఏర్పడింది. ఆ బాధ్యత హైమన్‌డార్ఫ్‌పై పడింది. మార్లవాయి గ్రామంలో నివాసం ఏర్పరచుకుని గోండీ భాష నేర్చిన ఆయన అసలు వ్యాధి ఏమిటో గ్రహించారు. తరతరాలుగా గోండులు దున్నుకుంటున్న నేలకు పట్టాలు లేవు. అటవీ శాఖ హద్దురాళ్లు పాతి వెళ్లగొట్టగా, వలస వచ్చిన ఆసాములు పట్టాలు సంపాదించారు. గోండులకు కావలసింది జాలి కాదని, హక్కు అని ఆయన నివేదించారు.

పట్టాలు, పాఠశాలలు

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వెలసింది. గోండీలో వాచకాలు రూపొందాయి. అనంతరం గిరిజన వ్యవహారాల సలహాదారుగా నియమితులైన ఆయన కృషితో ఆదిలాబాద్ జిల్లాలో సుమారు 1,60,000 ఎకరాలకు గిరిజనులు పట్టాదారులయ్యారు. 1946లో వెలువడిన గిరిజన ప్రాంతాల నిబంధన గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక పాలనను, భూమికి రక్షణను ఏర్పరచింది.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం ఐదో షెడ్యూలు ద్వారా ఇటువంటి రక్షణకు దేశవ్యాప్త ప్రతిపత్తి కల్పించింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూబదలాయింపును నియంత్రించే అధికారం గవర్నరుకు దఖలు పడింది. దాని బలంతోనే 1959 నిబంధన, 1970లో సవరణగా వచ్చిన 1/70 చట్టం రూపొందాయి. విశాఖ జిల్లా గిరిజన ప్రాంతంలోని గనుల లీజులపై 1997లో సుప్రీంకోర్టు వెలువరించిన సమత తీర్పు, ప్రభుత్వం సైతం అక్కడి భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని స్పష్టం చేసింది.

అనంతరం లండన్‌లో ఆచార్యునిగా స్థిరపడిన హైమన్‌డార్ఫ్ 1970వ దశకంలో మళ్లీ ఆదిలాబాద్ వచ్చి, తాను ఇప్పించిన భూములు అనేకం గిరిజనేతరుల పరమైన దృశ్యాన్ని చూసి కలత చెందారు. చట్టం ఉన్నా అమలు చేసే యంత్రాంగం లేకుంటే ఫలితం శూన్యమని 1982లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించారు. 1987లో ఎలిజబెత్ హైదరాబాద్‌లో కన్నుమూయగా మార్లవాయిలో సమాధి చేశారు. 1995లో లండన్‌లో మరణించిన ఆయన అస్థికలు సైతం తదనంతరం ఆ గ్రామానికే చేరాయి. గోండులు నేటికీ ఆ దంపతులకు నివాళులు అర్పిస్తున్నారు.

మన తండాల మాటేమిటి?

ఈ చరిత్ర సంగారెడ్డి జిల్లాకు ఒక ప్రశ్న మిగిల్చింది. 1976 నాటి చట్టంతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరినా, ఈ జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం లేదు. కనుక నారాయణఖేడ్, కంగ్టి, సిర్గాపూర్ తండాల సొంత పట్టా భూములకు 1/70 వర్తించదు. అసైన్డు భూములకు మాత్రం 1977 నాటి బదలాయింపు నిషేధ చట్టం అండగా ఉంది. కరవుకు, అప్పుకు తలవంచి ఎకరం అమ్ముకున్న తండావాసి పటాన్‌చెరు, పాశమైలారం పరిశ్రమల గేట్ల వద్ద దినకూలీగా నిలబడితే, పోయిన నేలను తిరిగి ఇప్పించే శాసనం అతనికి లేదు. పట్టా చేతికందితే చాలదని, అది చేజారకుండా కాపాడే చట్టమూ దాని అమలూ కావాలని హైమన్‌డార్ఫ్ జీవితం బోధిస్తున్నది.