చూపు తగ్గినా నాణేలు వదలని ఎలియట్ దొర

మార్కాపురం: చేను దున్నుతుంటేనో, పునాది తీస్తుంటేనో లంకెబిందెలు దొరికాయన్న కబురు పుట్టని ఊరు మన పడమటి తాలూకాల్లో అరుదు. నిజంగా దొరికిన వరహాలు మాత్రం చాలావరకు తెల్లారేసరికి కంసాలి మూసలో కరిగిపోతాయి. అలాంటి వరహాల కోసమే ఆయుష్షంతా వెదికిన సర్ వాల్టర్ ఎలియట్ దొర సంగతి మనవాళ్లు తెలుసుకోదగింది.

ఆయన 1803లో స్కాట్లండులోని ఎడింబరోలో పుట్టారు. 1821లో కుంపిణీ కొలువుకు మద్రాసు వచ్చారు. 1824లో కిత్తూరు రాణి చెన్నమ్మ మనుషుల చేతికి చిక్కి కొన్నాళ్లు ఖైదులో ఉన్నారు. విడుదలయ్యాక ఆ ధార్వాడ సీమలోనే ఉద్యోగం చేస్తూ శాసనాలకు నకళ్లు రాయించారు, పాత నాణేలు పోగుచేశారు. జీతం రెవెన్యూ పనికి, మనసు మాత్రం బంగారు బిళ్లల మీద.

1845 నుంచి 1854 దాకా ఆయన ఉత్తర సర్కారుల కమిషనరు. గుంటూరు జిల్లా జమీందారీల పన్ను లెక్కల గందరగోళాన్ని విచారించింది ఆయనే. మన పొరుగునున్న వినుకొండ అప్పట్లో ఆ జిల్లాలోదే. మార్కాపురం, కంభం 1858 దాకా కడప జిల్లాలో ఉన్నందున ఆయన ఏలుబడి ఇక్కడిదాకా రాలేదు. 1845లో అమరావతి దిబ్బ తవ్వించి శిల్పాలను మద్రాసు పంపారు. అవి అక్కడ ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉండి, చివరికి లండను చేరాయి. అది మెచ్చుకోదగ్గ పని కాదు. తెలుగు నాట చెట్ల పేర్లు సేకరించి 1859లో పుస్తకం వేసింది కూడా ఈయనే.

ఇక నాణేల విషయం. వరాహం చాళుక్యుల ముద్ర. ఆ గుర్తుతోనే బంగారు నాణేనికి వరహా అని పేరొచ్చింది. రాయల కాలపు వరహా సుమారు 3.4 గ్రాములు, అంటే పావు తులానికి కాస్త ఎక్కువ. కృష్ణదేవరాయల వరహా మీద బాలకృష్ణుడు ఉంటాడు. నన్నయను పోషించిన రాజరాజ నరేంద్రుడి నాణెం పలుచని రేకు. నడుమ వరాహం, చుట్టూ రాజు పేరు అక్షరాలు గుద్ది ఉంటాయి. ఆ నాణేలు సముద్రం ఆవల బర్మా వైపు చెదుబా దీవిలోనూ దొరికాయి. మనవాళ్ల ఓడ బేరాలు ఎంత దూరం సాగాయో దీన్నిబట్టి ఊహించవచ్చు. కరిగిస్తే మిగిలేది పావు తులం బంగారమే, రాజు పేరు మూసలోనే పోతుంది.

దొరికింది చెబితే సర్కారు ఊరికే లాక్కుంటుందన్న భయం మన పల్లెల్లో ఉంది. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. సర్కారు దాన్ని తీసుకుంటే లోహం ఖరీదు, దానిపై అయిదో వంతు అదనంగా హక్కుదారులకు చెల్లించాలి. దాచిపెడితే మాత్రం శిక్ష.

ఎలియట్ 1860లో ఉద్యోగం విరమించి స్వదేశం వెళ్లారు. ముసలితనంలో చూపు దాదాపుగా పోయింది. అయినా పట్టు వదలక దక్షిణాది నాణేల మీద పెద్ద పుస్తకం పూర్తిచేశారు. అది 1886లో లండనులో అచ్చయింది. మరుసటి ఏడాది మార్చి 1న ఉదయం, తమిళ పండితుడు పోప్ గారి కురళ్ ప్రచురణ గురించి ఉత్తరం చెప్పి రాయించి, తన చేత్తో సంతకం పెట్టారు. ఆ రోజే కన్నుమూశారు.

ఆయన సేకరించిన నాణేలు కొన్ని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. రాయల వరహాలు చూడడానికి అంత దూరం పోనక్కరలేదు, హైదరాబాదు స్టేట్ మ్యూజియంలోనూ ఉన్నాయి.