మూర్ఛకు మందు చూపిన డాక్టర్ హౌప్ట్‌మన్

ఆల్‌ఫ్రెడ్ హౌప్ట్‌మన్‌గారు 1881లో జర్మనీలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. ఫ్రైబర్గ్ ఆస్పత్రిలో మూర్ఛ రోగుల వార్డు పైనే ఆయన బస. రాత్రుళ్ళు ఫిట్స్‌తో రోగులు పడే అవస్థ చూడలేక, కాస్త నిద్రయినా పడుతుందని లూమినల్ అనే నిద్రమందు ఇచ్చారు. చిత్రంగా, పగలు వచ్చే ఫిట్స్ కూడా తగ్గాయి! 1912లో ఈ సంగతి లోకానికి తెలియజేశారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యునిగా సేవ చేశారు. అలాంటి వారిని 1935లో హిట్లర్ ప్రభుత్వం ప్రొఫెసర్ ఉద్యోగం నుండి తీసేసింది, 1938లో డాకౌ నిర్బంధ శిబిరంలో పెట్టింది. బయటపడి అమెరికా చేరి, 1948లో బోస్టన్‌లో కన్నుమూశారు.

ఆ మందే మన గార్డినాల్. పెద్దాస్పత్రి దూరమైన బస్తర్ అడవి పల్లెలకు ఇలాంటి చవక మందే దిక్కు. డాక్టరు చెప్పకుండా మాత్రం ఎవరూ మానరాదు.